పైనుంచి నీళ్ళు పోయకూడదు

మావయ్య పోయిన నలభయ్యో రోజున జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. పాటలయ్యాయి, ప్రార్థనయింది, పాస్టరుగారు నాలుగు మంచి మాటలు చెప్పి, టీ తాగి, ఇంకో ఇంటికి వెళ్ళాలని లేచారు. కుర్చీలవాడు వచ్చి కుర్చీలు మడిచి పట్టుకుపోయాడు. అందరూ వెళ్ళాక అత్త మంచం కిందికి వంగి, ఒక గోనెసంచి బరబరా ఈడ్చి నా కాళ్ళ దగ్గర పెట్టింది. "మీ మావయ్యవే. సిత్తుకాయితాలోడికి ఎయ్యడానికి సెయ్యాడ్నేదు. ఆ సదువు నువ్వే గదా సదివీసినావు, పట్టుకుపో శాంతీ" అంది. సంచి నిండా పాత రికార్డు పుస్తకాలు. ఒకవైపు గీతల కాగితం, ఒకవైపు తెల్ల కాగితం ఉండే రకం, సైన్సు పిల్లలు బొమ్మలు వేసేవి. ముప్పై ఏళ్ళకు పైగా ఆడపిల్లల కాలేజీలో బోటనీ చెప్పి రిటైరైన నాకు అలాంటి పుస్తకాలంటే మొహం మొత్తిపోయింది. ఎన్ని వేల బొమ్మల కింద ఎర్ర సిరాతో సంతకం పెట్టానో నాకే తెలియదు. కానీ ఇవి ఒక ల్యాబ్ అటెండరు తనకోసం వేసుకున్న బొమ్మలు. వెయ్యమని ఆయన్ని ఎవరూ అడగలేదు, మార్కులూ ఎవరూ వెయ్యలేదు. సంచి ఆటోలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను.

మావయ్య పేరు దేవదానం, మా అమ్మకు తమ్ముడు. స్టీల్ ప్లాంటు కడుతున్న రోజుల్లో మా నాన్న అక్కడ ఒక కాంట్రాక్టరు కింద వెల్డరు. అటువైపు మంచి బడి లేదని నన్ను ఎనిమిదో తరగతిలో తెచ్చి పాత ఊళ్ళో మావయ్య ఇంట్లో దింపారు. రెండు నెలలే అన్నారు, ఇంటరు అయ్యేదాకా అక్కడే ఉన్నాను. రెండు గదులు, ఒక వసారా, వెనక నాలుగిళ్ళవాళ్ళకూ కలిపి ఒక నుయ్యి, దాని పక్కన మా నీళ్ళగది. అమ్మమ్మ, మావయ్య, సువార్త అత్త, నేను. పోర్టు దగ్గర ఇల్లు కావడంతో బొగ్గు దుమ్మూ ఖనిజం దుమ్మూ వాటి ఇష్టం వచ్చినట్టు దిగుతుండేవి. అత్త పొద్దున తుడిచిన గచ్చు మీద మధ్యాహ్నానికి మా పాదాల అచ్చులు పడేవి. తెల్లబట్టలకు ఆ ఇంట్లో ఆయుష్షు తక్కువ. ఆ ఇంటి వాసన ఈ రోజుకీ కళ్ళు మూసుకుని చెప్పగలను: వేగుతున్న ఎండునెత్తళ్ళు, చోడంబలి, తడి ఇటుక, వాటన్నిటి మీదా అమ్మమ్మ చుట్ట. అమ్మమ్మది అడ్డపొగ. నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని, పెదవులు బిగించి పీల్చేది. చుట్ట నోట్లో ఉండగానే పాటలు పాడేది, తిట్లు తిట్టేది, దేనికీ దాన్ని బయటకు తియ్యాల్సిన అవసరం వచ్చేది కాదు. ఆదివారం మాత్రం చర్చి నుంచి వచ్చేదాకా ముట్టేది కాదు, అందుకని ఆదివారం మధ్యాహ్నాలు ఆమెకి నోరెక్కువ.

మావయ్య ఒక కాలేజీలో బోటనీ ల్యాబ్ అటెండరు. పదో తరగతి తప్పి ఆ పనిలో చేరాడు. గాజుసామాను కడగడం, స్లైడ్లు తుడవడం, మొక్కలు తెచ్చివ్వడం, అంతవరకే ఆయన పని. అయితే ఫెర్న్ మొక్కల దగ్గర ఆయనకున్న నేర్పు అక్కడి లెక్చరర్లకు లేదు. ఏటా చలికాలం ప్రాక్టికల్స్‌లో బతికున్న పురుషబీజాలను పిల్లలకు చూపించాలి, వాటిని పెంచి ఇవ్వగలిగినవాడు ఈయనొక్కడే. సింహాచలం కొండవాలు నుంచీ, మా నూతిగోడ పగుళ్ళ నుంచీ ఫెర్న్ ఆకులు కోసుకొచ్చి కాగితం పొట్లాల్లో పెట్టేవాడు. రెండు రోజులకు పొట్లంలో గోధుమరంగు పొడి రాలి ఉండేది. అమ్మమ్మ దాన్ని ఒకసారి చీపురుతో ఊడ్చేసింది. "అది పోర్టు దుమ్ము కాదే అమ్మా, పేనమున్న దుమ్ము" అని మావయ్య లబలబలాడాడు. ఇటుకముక్కల్ని అత్త అన్నం గిన్నెలో ఉడకబెట్టేవాడు, నాచూ బూజూ చావాలని. ఆ గిన్నె కోసం వాళ్ళిద్దరికీ ఏటా ఒక తగువు. ఉడికిన ఇటుకను నీళ్ళు పోసిన మట్టిమూకుట్లో నిలబెట్టి, మీద ఆ పొడి చల్లి, గాజుసీసా బోర్లించి నీళ్ళగది అరుగు మీద వరసగా పెట్టేవాడు. రెండు నెలలకు ఇటుక మీద గోరంత పచ్చబిళ్ళలు లేచేవి. నడిమికి చిన్న గంటు ఉండి, నేలకు అంటుకుని ఉండే ఆ బిళ్ళలే ఫెర్న్ జీవితంలో పెళ్ళీడు దశ. ఆడవీ మగవీ బీజాలు వాటి అడుగునే తయారవుతాయి.

వాటికో నియమం ఉంది. నీళ్ళు మూకుట్లోనే పొయ్యాలి, ఇటుక కింద నుంచి పీల్చుకోవాలి. పైనుంచి ఒక్క బొట్టు పడకూడదు. పై తడి తగిలితే మగబీజాలు అప్పుడే బయటకు వచ్చేస్తాయి, పరీక్షనాటికి చూపించడానికి ఏమీ మిగలదు. అందరి ఇళ్ళలో పది ఆజ్ఞలుంటే మా ఇంట్లో పదకొండు. నూతి దగ్గరికి నీళ్ళకొచ్చే పక్కింటి ఖాదర్‌బీ గారు కూడా నీళ్ళగది ముందు బిందె వంచకుండా ఒద్దికగా నడిచేది.

నేను తొమ్మిదిలో ఉండగా ఒక శనివారం మావయ్య నన్ను ల్యాబ్‌కి తీసుకెళ్ళాడు. కిటికీ పక్కన ఎండ పడేచోట, అద్దమున్న పాత మైక్రోస్కోపు పెట్టి, ఒక పచ్చబిళ్ళను బోర్లా తిప్పి స్లైడు మీద ఉంచాడు. "మూడు నెలలై దీనికి పైతడి తగల్నేదు. ఇప్పుడు సూడు" అని ఒక్క నీటిచుక్క వేశాడు. కొంచెంసేపు ఏమీ లేదు. నాకు విసుగొచ్చి తలెత్తబోతే మెడ మీద చెయ్యి వేసి ఆపాడు. అప్పుడు గుండ్రటి గదుల మూతలు ఒకటొకటే తెరుచుకున్నాయి. లోపలి నుంచి మడత విప్పుకుంటూ మెలికల మెలికల బీజాలు వచ్చాయి, ముందు కొసన సన్నటి వెంట్రుకలు కొట్టుకుంటూ, గిర్రున తిరుగుతూ. బొట్టంతా కదిలిపోయింది. మొక్కల్లో ఈత కొట్టేవి ఉంటాయని నాకు అంతవరకు ఎవరూ చెప్పలేదు.

"ఎక్కడికెళ్తున్నాయి మావయ్యా?"

"పిల్లల్ని కనడానికమ్మా. ఆడబీజం పక్కగదిలోనే ఉంటాది. అంతే దూరం. అయినా ఈదకపోతే సేరలేవు, నీరు నేకపోతే ఈదలేవు."

ఆయన వాటిని ఈతగాళ్ళు అనేవాడు. నేను బోటనీ చదవడానికి ఆ నీటిచుక్కే కారణం. ఆ రుణం గురించి ఎన్నో సభల్లో గొప్పగా చెప్పుకున్నాను కూడా.

మావయ్యకీ అత్తకీ పిల్లల్లేరు. నేను ఆ ఇంట్లో దిగేనాటికి పెళ్ళై ఏడేళ్ళు. అది ఇంట్లో ఎవరూ ప్రత్యేకంగా మాట్లాడే విషయం కాదు, ఎందుకంటే అన్ని మాటలూ దాని గురించే. పప్పు మాడితే దానికీ గొడ్రాలితనానికీ సంబంధం ఉండేది. అత్త ఉపవాస ప్రార్థనలకు వెళ్ళేది, నూనె రాయించుకునేది. ఖాదర్‌బీ గారు దర్గా నుంచి తెచ్చిచ్చిన తాయెత్తును పాస్టరుగారి కంట పడకుండా జాకెట్టు లోపల కట్టుకునేది. ఎవరు ఏ వేరు చెబితే ఆ వేరు నూరుకుని తాగేది, తాగి నూతిపళ్ళెం దగ్గర కక్కుకునేది. ఒకసారి అమ్మమ్మే లేడీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది, తోడుగా నేనూ వెళ్ళాను. ఆవిడ అత్తను పరీక్ష చేసి, "ఈమెలో నాకేమీ కనబడటం లేదు, మగాయన్ని ఒకసారి పంపండి" అంది. అమ్మమ్మ దారంతా మండిపడుతూనే వచ్చింది. ఇంటికి రాగానే వసారాలో ఇటుకలు పగలగొడుతున్న కొడుకుతో, "మగోడికి పరీచ్చేటిరా? ఆ డాట్రమ్మకి సిగ్గునేదేటి? ఇంక ఆ గుమ్మం తొక్కేది నేదు" అంది. అత్త తల తిప్పి మావయ్యకేసి చూసింది. ఆయన సుత్తి దించి, ఇటుకముక్కల్ని సైజుల వారీగా ఏరుకుంటూ కూర్చున్నాడు. 

నాకు ఇంటరు మొదటి ఏడు. కొత్తగా నేర్చుకున్నవాళ్ళ నోరు ఊరుకోదు కదా. ఒకరోజు అత్త చేపలు తోముతుంటే పక్కన కూర్చుని పాఠం చెప్పాను: "ఒక్క చెంబు నీళ్ళు పోస్తే చాలు అత్తా, వాటన్నిటికీ పిల్లలు పుడతాయి." ఆమె చేతిలో చేప ఆగింది. "మరెందుకు పొయ్యనివ్వడు?" అంది. ప్రాక్టికల్స్ అయ్యేదాకా ఆపుతాడని చెప్పాను. "అయితే ఆటికి పిల్లలు కాకుండా కావాలనే ఆపీసేడన్నమాట" అంది. నేను అవునన్నాను. అంతటితో మరిచిపోయాను.

ప్రాక్టికల్స్ ఇంకో వారం ఉండగా ఆదివారం చర్చిలో ఎవరి బిడ్డకో బాప్తిస్మం. తిరిగొచ్చి చుట్ట ముట్టించుకుని అమ్మమ్మ, "అందరి కోడళ్ళూ పిల్లల్నెత్తుకుని కూకున్నారు, నా కోడలు బేగునెత్తుకుని కూకున్నాది" అంది.  భోజనాలయ్యాక అత్త గిన్నెలు కడిగి, చెంబు తీసుకుని నీళ్ళగదిలోకి వెళ్ళింది. నేను గుమ్మంలో నిలబడి చూశాను. ఒక్కొక్క సీసా ఎత్తి, చెంబులో వేళ్ళు ముంచి, పచ్చబిళ్ళల మీద చిలకరించింది. తర్వాత చేతిని దోసిలిలా పట్టి మెల్లగా పోసింది. పద్నాలుగు మూకుళ్ళు. ఒక్కటీ వదల్లేదు. చంటిపిల్లకు తల మీద నీళ్ళు పోసేవాళ్ళు ఎంత జాగ్రత్తగా పోస్తారో అంత జాగ్రత్తగా. వద్దని నేను అనొచ్చు. అనలేదు. 

సాయంత్రం మావయ్య చూసేశాడు. ఏ మూకుడూ ముట్టుకోనక్కర్లేకపోయింది, అరుగంతా తడి. "ఎవులు పోసినారు?" అని అడిగాడు. గొంతు పెద్దది చెయ్యలేదు.

"నానే. పోనీ, ఆటికైనా అవుతాయని" అంది అత్త.

ఆయన నెమ్మదస్తుడని వీధంతా పేరు. నేనున్న అన్నేళ్ళలో అత్తను ఒక్క మాట అనగా వినలేదు, తల్లి అంటుంటే తల వంచుకునేవాడు. ఆ రోజు అన్నాడు. "నీ కడుపు పండనేదని ఆటి కడుపు పండించీసినావేటి?"

వసారాలోంచి అమ్మమ్మ, "ఇన్నాళ్ళకి నోరిప్పినాడు నా కొడుకు" అంది. అత్త చెంబు బోర్లించి, చేతులు పైటకు తుడుచుకుని, వంటింట్లోకి వెళ్ళి పొయ్యి రాజేసింది. ఆ పూట అన్నం అందరికీ ఆమే వడ్డించింది. నేను చెప్పబట్టే ఇదంతా జరిగిందని ఆమె ఎవరికీ చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

ఆ ఏడు ప్రాక్టికల్స్‌లో పిల్లలకు పాత స్లైడ్లే చూపించారు, మావయ్య మాట పడ్డాడు. మూకుళ్ళలో మాత్రం నెల తిరిగేసరికి ప్రతి బిళ్ళ గంటు దగ్గరా ఒక చిన్న ఆకు చుట్ట విప్పింది. అత్త వాటిని ఒకటొకటే తీసి నూతి చుట్టూ ఇటుకసందుల్లో పెట్టుకుంది. మావయ్య వద్దనలేదు. అప్పటి నుంచి ప్రతి శనివారం పూర్ణా మార్కెట్టు నుంచి ఆమెకు మల్లెపూలు తెచ్చేవాడు. అమ్మమ్మ పోయాక కూడా, వీధిలో సగం ఇళ్ళు షాపులయ్యాక కూడా, మోకాళ్ళు అరిగి ఆటో ఎక్కాల్సి వచ్చాక కూడా తెచ్చాడు. ఆ పూలను మేమంతా మెచ్చుకున్నాం. పిల్లలు లేకపోయినా ఎంత బాగా చూసుకుంటున్నాడో చూడు అనేవాళ్ళం, అత్తకు వినబడేలా.

గోనెసంచిలో పుస్తకాలు నేను వరసగా చూసుకుంటూ వచ్చాను. ఫెర్న్ బొమ్మలు అద్భుతంగా ఉన్నాయి. నా దగ్గర చదివిన ఎమ్మెస్సీ పిల్లలెవరూ అంత బాగా వెయ్యలేదు. మెలికలు, వెంట్రుకలు, మూతగది, అన్నీ కొలతల ప్రకారం. కుడివైపు బొమ్మ, ఎడమవైపు తెలుగులో రెండు ముక్కలు: ఏ ఇటుక, ఎన్నాళ్ళకు, ఎంతసేపు ఈదాయి. ఆరో పుస్తకం మధ్యలో ఒక బొమ్మ దగ్గర ఆగిపోయాను. అది ఫెర్న్‌ది కాదు. మెలికలు లేవు. తల ఒకటి, తోక ఒకటి. తోకలు కొన్ని వంకరపోయి, కొన్ని తెగి. జంతుశాస్త్రం చదవకపోయినా అవేమిటో ఎవరికైనా తెలుస్తుంది. ఎడమవైపు ఇలా రాసి ఉంది: "నాది. అరగంట చూశాను. కదలిక లేదు." దాని కింద వేరే సిరాతో, "మళ్ళీ చూశాను. కదలిక లేదు." దాని కింద పెన్సిలుతో, "మూడోసారి. లేదు." పేజీ తిప్పితే మళ్ళీ ఫెర్న్‌లు. ఇంకో నాలుగు పేజీల తర్వాత, "ఈ ఏడు మూకుళ్ళన్నీ పోయాయి. పైతడి తగిలింది" అని ఉంది.

అంటే అత్త నీళ్ళు పోసేనాటికే ఆయన తనది చూసుకున్నాడు. డాక్టరు పరీక్ష వేరు, ఒక అటెండరు కిటికీ ఎండలో చూసుకున్నది వేరు, అది నాకు తెలుసు. కానీ ఆయన నమ్మాడు. నమ్మి, తెలిసి, ఆ మాట అన్నాడు. అని, ఇంకో నలభై ఏళ్ళు ఆమె ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాడు. ఒక మనిషి ఎవరికీ చెప్పలేక, తనకు తెలిసిన ఒకే పద్ధతిలో, తన బొమ్మ తానే వేసుకుని దాచుకోవడం తలుచుకుంటే ఏడుపొచ్చింది. మరుక్షణం ఆ పుస్తకం పొయ్యిలో పెట్టాలన్నంత కోపం వచ్చింది. నాకు చదువిచ్చిన మనిషి మీద కోపగించుకోవడం నాకు చేతకావడం లేదు, క్షమించడమూ చేతకావడం లేదు.

ఇప్పుడు ఊళ్ళో ఏ జంక్షన్లో ఆగినా సంతాన సాఫల్య కేంద్రాల బోర్డులే. నవ్వుతున్న మొగుడూ పెళ్ళాం, మధ్యలో బోసినవ్వుల బిడ్డ. ఆమధ్య మా అపార్ట్‌మెంటులో ఒకబ్బాయి లిఫ్టులోనే ఫోనులో చెబుతున్నాడు, "బావా, కౌంట్ తక్కువొచ్చిందిరా, మందులు వాడమన్నారు" అని, జ్వరమొచ్చిందన్నంత మామూలుగా. నేను పక్కనే ఉన్నానని కూడా ఆగలేదు. అప్పుడు నాకు నవ్వొచ్చింది. ఈ సంచి ఇంటికొచ్చాక ఆ అబ్బాయిని తలుచుకుంటే దణ్ణం పెట్టాలనిపిస్తోంది. ఇప్పుడన్నీ బాగున్నాయని నేననను, ఆ బోర్డుల వెనక ఏడుపులు ఆ బోర్డుల వెనక ఉన్నాయి. కానీ ఆ వాక్యం అప్పుడు మా వసారాలో ఒక్కసారి పలికి ఉంటే అత్త ఏళ్ళకేళ్ళు పసర్లు తాగేది కాదు.

చెప్పాలా వద్దా అని మూడు రోజులు తన్నుకులాడాను. అత్తకు డెబ్భై దాటాయి. పోయినవాడి మంచిపేరు ఒక్కటే ఆమెకు మిగిలింది, అది కూడా నేను లాక్కోవడమా అనుకున్నాను. నాలుగో రోజు పొద్దున్న పుస్తకం సంచిలో వేసుకుని వెళ్ళాను. తప్పు తనదని నమ్ముతూనే ఆమె చచ్చిపోతే, ఆ పాపం ఇక నాది అవుతుంది.

అత్త గుమ్మంలో కూర్చుని బీరకాయలు చెక్కు తీస్తోంది. "ఓలమ్మ, సెప్పకుండా వొచ్చీసినావేటి" అని పీట జరిపింది. నేను పేజీ తెరిచి ఆమె ఒళ్ళో పెట్టాను. అక్షరాలు ఆనడం లేదంటే నేనే చదివాను. అర్థమయ్యేలా చెప్పాను. "మావయ్య తనది తానే చూసుకున్నాడు అత్తా. మూడుసార్లు. లోపం నీది కాదు. ఆయనకు తెలుసు."

"ఎప్పుడు?"

"నువ్వు ఆ పచ్చబిళ్ళల మీద నీళ్ళు పోయకముందే."

ఆమె చాలాసేపు ఆ బొమ్మ మీద వేలు పెట్టి ఉంచింది. ఏడుస్తుందనుకున్నాను, పోయినోడిని ఏటంటాంలే అంటుందనుకున్నాను. "సెప్తే ఒగ్గీసి ఎలిపోతాననుకున్నాడేటి?" అంది చివరికి. "ఎలిపోయేదాన్ని గాదు. మీ అమ్మమ్మకి కాళ్ళు పిసికేదాన్ని గాదు, అంతే." నవ్విందనే అనుకున్నాను. నవ్వలేదు.

"నీకు పాప పుట్టినప్పుడు ఆసుపత్రికొచ్చినాను, గేపకముందా?"

ఉంది. చోడిపిండి డబ్బా పట్టుకుని వచ్చి గది గుమ్మం అవతలే నిలబడింది. పాపను ఎత్తుకోమంటే చేతులు శుభ్రంగా లేవంది. డబ్బా మా అమ్మ చేతికిచ్చి వెళ్ళిపోయింది. ఓర్వలేనితనం అనుకున్నాను. ఆ మాట అమ్మతో అన్నాను కూడా.

"సుబ్బరంగా కడుక్కునే వొచ్చినానే. రెండుసార్లు కడుక్కున్నాను. నా సెయ్యి తగిల్తే పసిగుంటకి ఏటవుద్దో అని బయమేసీసినాది. ఎవులూ వొద్దన్నేదు. నాకు నానే అనుకున్నాను. నీ పాపనొక్కదాన్నే గాదు శాంతీ, ఈ ఈదిలో పుట్టిన పిల్లల్ని ఒక్కర్నీ ఎత్తుకోనేదు."

 ఆమె రెండు చేతులూ తన ముందు చాపి, వాటికి అంటిన బీరపొట్టు చూసుకుంది.

"ఎత్తుకోవొచ్చన్నమాట" అంది.